ఏడో జెండా

ఉదయగిరి కొండ కింద
అరవై దాటినవాళ్ల వరసలో నేనొక్కణ్ణే.
విజిల్ పడగానే
కుర్రాళ్లు కంపచెట్లు చీల్చుకుపోయారు.
నేను ముందు కళ్లజోడు మార్చుకున్నాను.

ముప్ఫయ్యేళ్లు సర్వే గొలుసు లాగినవాణ్ణి,
అన్నదమ్ముల గట్టు తగాదాలు తీర్చినవాణ్ణి,
ఏడో జెండా కోసం
దిక్సూచి ముల్లులా ఊగుతూ నిలబడ్డాను.
పటంలో వాగుంది.
కాళ్లకింద తడిసిన రాయైనా లేదు.

మేకల పెంచలయ్య ఆగాడు.
"ఏం పోగొట్టుకున్నావు సామీ, ఎతుకుతుండావు?"
ఎవర్నీ దారి అడగకూడదు.
"ఏం లేదబ్బయా."
అతను చెయ్యెత్తి చూపలేదు,
మందను మాత్రం నల్లగుండు వైపు మళ్లించాడు.

పౌరుషం కొద్దీ నేనిటు తిరిగాను.
ఆ పౌరుషానికి నలభై నిమిషాలు పట్టింది.

చివరికి నల్లగుండు వెనకే జెండా.
కార్డుకు చిల్లు పెడుతుంటే
పెంచలయ్య సద్ది విప్పి
సగం ఉల్లిపాయ నా వైపు జరిపాడు.

దీని గురించి
నియమాల్లో ఏమీ లేదు.