ఆరువందల గ్రాములు

జుమ్మేరాత్ బజార్ల వాజిద్ చాచా కుప్ప మీదికెల్లి
కమాన్ పట్టీలు ఏరుకొచ్చినం.
మెహిదీపట్నం బస్సువి, అన్నడు చాచా.
తుప్పు కింద గ్రీజు, గ్రీజు కింద దుమ్ము,
దుమ్ము కింద
ఫుట్‌బోర్డు పట్టుకొని వేలాడిన ఊరి బరువు
ఇంకా వంగే ఉన్నది.

ఈటెలు కావాలన్నది గోషామహల్ బడి పీటీ మేడం,
ప్రమీలారాణి, మెడల విజిలు.
"ఎనిమిది. ఆడపిల్లలకు. దుకాణంల కొంటే
ఒక్కదానికే నా సగం జీతం."

మా తాత కొట్టిన ఈటె తగిలితే
అడవిపంది రెండో అడుగు ఎయ్యలేదంట.
కత్తెరకు సాన పట్టించుకోను వచ్చినోళ్లకు గూడ
నాయిన ఈ ముచ్చట చెప్తడు.
మేడంకు గూడ చెప్పిండు.

"పదును వద్దు" అన్నదామె.
ఇనపడలేదేమోనని మల్ల అన్నది.
"మొన సాలు. నేలల దిగాలె, అంతే.
మొత్తం ఆరువందల గ్రాములు.
తగ్గితే ఏసిన ఏటు లెక్కకు రాదు."
నాయిన కొలిమి దిక్కు తిరిగిండు.
బదులు చెప్పకపోవుడే ఆయన ఒప్పుకొనుడు.

తిత్తి పోయి ఇరవై ఏండ్లు.
పాత కూలరు ఫ్యాను బొగ్గును ఊదుతది.
మోదుగపువ్వు రంగు రాకముందు కొట్టొద్దు,
తెల్లవడి చుక్కలు రాలినయంటే
ఆ ఉక్కు సచ్చినట్టే.
నాయిన చిన్నసుత్తెతో చోటు చూపెడతడు,
నేను సమ్మెటతో అక్కడే ఏస్త.
టిక్కు. ధన్ను. టిక్కు. ధన్ను.
కానిస్టేబులు పరుగుల
పన్నెండు సెకన్లు ఎనకవడి ఇంటికొచ్చిన్నాడు గూడ
మా నడుమ మాటలు ఇవే.

మొన తీసుడు అల్క.
గొట్టం చుట్టుడే కష్టం.
తోకను చాట లెక్క సాపి,
ఇరుసు ముక్క మీద మెల్లగ మలవాలె,
అంచు అంచును ముద్దాడేదాంక.
రెండు పగిలినయి. నాయిన నన్ను తిట్టలేదు,
బొగ్గును తిట్టిండు.

మిర్చిబజ్జీల బండి మల్లేశు
మాడిన నూనె డబ్బాడు ఇచ్చిండు.
ఎర్రగున్నదాన్ని అండ్ల ముంచితే
గల్లీ అంత ఆకలి వాసన.
తర్వాత సన్నసెగ మీద
నెమలిమెడ రంగు దేలేదాంక పెట్టాలె.
అప్పుడు జర ఓపిక కావాలె,
నాకది తక్కువ.

పురానాపూల్ కాడ మేదరి బుచ్చమ్మ
ఒక కన్ను మూసి బొంగులు ఏరింది.
వంకరున్న కాడ మంటకు చూపి
మోకాలి మీద ఒత్తింది,
పిల్ల కాలు సాపినట్టు.
గొట్టంల లక్క కరిగించి పోసి
బొంగు దిగ్గొట్టి, అడ్డంగ ఒక చీల.
నడుమ పట్టుకు మంచం నవారు దారం.

బేగంబజార్ల జీడిపప్పు తూచే కాంటా మీద
ఈటెలు పెడితే సేటు నవ్విండు.
ఆరువందల నాలుగు.
ఆరువందల ఒకటి.
ఐదువందల తొంభై ఎనిమిది.
నాయిన ఇంటికొచ్చి గొట్టం మూతికి
రెండు గ్రాముల లక్క బొట్టు పెట్టిండు,
పెండ్లిపిల్లకు దిష్టిచుక్క పెట్టినట్టు.

ఆ రాత్రి సప్పుడుకు మెలకువొచ్చింది.
చీకట్ల ఒక్కదానికి సాన పడుతున్నడు.
బొటనేలు మీద చూసుకున్నడు,
చానసేపు అట్లనే కూసున్నడు.
తెల్లారకముందే
ఆకురాయితో తనే మొద్దు చేసిండు.
నేను పక్క మార్చి పండుకున్న.

గ్రౌండుల మంచు ఇంకా ఆరలేదు.
అఫ్షాన్, భాగ్యశ్రీ, మిగతా పిల్లలు
బూట్లు లేనోళ్లు లేకనే ఉరికిండ్రు.
ఈటెలు పోతుంటే నాయిన ఆకాశం చూడలేదు,
పడ్డ చోటే చూసిండు.
అఫ్షాన్ ఏసింది మేడం గీత దాటింది.
విజిలు, చప్పట్లు, టేపు గుంజుడు.

నాయిన మాత్రం
ఏడోదాని కాడికి నడిచిండు.
అడ్డంగ పడ్డది, మొన వంగింది.
తువ్వాలతో మట్టి తుడిచి
గోటితో కొట్టి చెవి కాడ పెట్టుకున్నడు.
"నూనె సాలలే దీనికి" అన్నడు నన్ను చూసి.
నేనూ చూసిన.
అచ్చం ఆ పాత వంపే.

"మెహిదీపట్నం యాదికొచ్చినట్టున్నది" అన్నడు,
ఈటెను సంకల పెట్టుకొని
బస్టాపు దిక్కు నడుసుకుంట.