చెక్కకి అంటుకున్నవి

హడర్స్‌ఫీల్డ్‌లో జూన్ నెల పొద్దు అయిదు కాకుండానే లేస్తుంది.
నేను దానికంటే ముందు.
మొగ్గ విచ్చకముందే అందుకోవాలి మరి.
విచ్చిందా, టమాటా తనని తానే పెళ్ళాడేస్తుంది
ఎవరి మాటా వినదు.

పగలు ల్యాబులో కట్టుడు పళ్ళు చేస్తాను.
పగలు ఆ పళ్ళు, తెల్లారుజామున ఈ పళ్ళు,
పట్టకారు ఒకటే.
పసుపు రేకులు ఒలిచి, పుప్పొడి గొట్టాన్ని చీల్చి లాగేసి,
మిగిలిన ఆకుపచ్చ దారప్పోగు మీద
పక్కింటి వరుడి పొడి అద్ది,
కాడకి ఎర్ర ఊలు ముడి వేస్తాను.
పొడి రాల్చడానికి ఓబులేసు పాత కరెంటు బ్రష్షు.
అది పాతదైందని ఆయనకింకా తెలీదు.

తల్లి, అవతలి మడి నార్మన్ ఓల్డ్‌రాయ్డ్ ఇచ్చిన పొట్టిది,
భుజాల మీద నీలిమందు ఒలికినట్టు మచ్చలు.
తండ్రి, పండినా పచ్చగానే ఉండే మొండి ఘటం.
నాక్కావలసింది ఒక్కటే:
చింతపండు అక్కర్లేని పప్పు.

ఓబులేసుది మదనపల్లె.
ఆయనకి తక్కాళి అంటే పెట్టె,
పెట్టె అంటే రేటు,
రేటు పడితే రోడ్డుకి అడ్డంగా ఎర్రటి బురద.
"కాయకొక నంబరిచ్చి పిలవడం
మా వైపు ఎరగం తల్లీ" అంటాడు.

మొదటి తరం అంతా ఒకే అచ్చు.
పొట్టి తల్లికి పొడుగు పిల్లలు,
ఎర్రగా, బుద్ధిగా, చప్పగా.
పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు కూర్చున్నాయి.
రెండో తరంలో గాని ఇంటి గుట్టు బయటపడలేదు.
ముప్పై మొక్కలకి ముప్పై బుద్ధులు.
ఒకటి మోకాలెత్తు, ఒకటి కప్పుకెక్కి అద్దం తన్నింది,
ఒకదాని కాయకి పిల్లి చెవి మీదుండే నూగు,
ఒకటి బంగాళాదుంప ఆకులేసుకుని
నేను ఆ ఇంటిదాన్ని అంది.

ఆగస్టులో నాలుగు రోజులు ముసురు.
అయిదో రోజు ఆకు మీద టీ మరక లాంటి మచ్చ.
ఏడో రోజుకి ముప్పై మొక్కలూ
ఉడికిన తోటకూరలా వాలిపోయి, ఆ వాసన.
నార్మన్ నాతోపాటు పీకాడు, సంచుల్లో కుక్కాడు.
"పైయేడు చూసుకుందాంలే" అన్నాడు,
ఎనభై నాలుగేళ్ళ మనిషి.

పంతొమ్మిదో నంబరుది మాత్రం ఒక కాయ,
తెగులు ఎక్కకముందు తెంపింది,
వంటింటి కిటికీలో పెట్టాను.
చీటీ కూడా అంటించాను.
చీటీ ఊడిపోయిందట.

ఆ శుక్రవారం ల్యాబు నుంచి వచ్చేసరికి పప్పు సిద్ధం.
రెండో ముద్దకి ఓబులేసు ఆగాడు,
నాలిక అంగిలికి తాటించాడు,
"ఇవాళ చింతపండు వెయ్యనేలేదే నేను?"

కిటికీ వైపు చూశాను.

అరవలేదు. అరిస్తే బావుండేది.
ఎంగిలి చేత్తోనే లేచి
సింకులో కడగని చెక్క తీసి దీపం కిందకి వంచాను.
కత్తి గాట్లలో ఇరుక్కుని, జిగురు కోటు తొడుక్కుని,
ఒకటి, రెండు, అయిదు...
పక్కన ఆయన కూడా కళ్ళజోడు పెట్టుకుని వెతుకుతున్నాడు,
కొత్తిమీర కాడని చూపించి "ఇదా?" అంటాడు.
పదకొండు.

గాజు గ్లాసులో మూడు రోజులు పులియబెట్టాను.
ఇల్లంతా కంపు, ఒక్క మాట అనలేదు.
మార్చిలో నాటితే తొమ్మిది లేచాయి.
ఒకదాన్ని నత్త తినేసింది.

మూడో తరం ఇవి. ఏది తాతని పోలుతుందో,
పులుపు దేనికి దక్కిందో, దక్కిందో లేదో.
పేరు ఏడో తరందాకా పెట్టను.
అమ్మమ్మ రామములగ అనేది, ఎవరో సీమవంగ అనేవారు,
సీమలోనే పుట్టినదాన్ని మళ్ళీ సీమ అనడమేమిటి?
ఇప్పటికి ఐస్‌ఫ్రూట్ పుల్లల మీద
పంతొమ్మిది బై ఒకటి, పంతొమ్మిది బై రెండు.

ఓబులేసుకి కొత్త బ్రష్షు కొన్నాను.
పాతదేదని అడిగాడు.
మే నెల వచ్చినా చలి తగ్గలేదు,
ఇంకా మొగ్గ కట్టలేదు.