తెగిన చోటి నుంచి

పాస్‌పోర్టులో నేను నాగమణిని.
నీళ్లలో ముంచి లేపిన రోజు మాత్రం ఫీబేని.
కులం కాగితం పోతుందని
నాన్న బళ్లో ఒక పేరు రాయించి
చర్చిలో ఇంకో పేరు పెట్టించాడు.
కాబట్టి దాచుకోవడం కువైట్ నేర్పిన విద్య కాదు,
సామానుతో పాటు తెచ్చుకున్నదే.

నెలకు రెండు శుక్రవారాలు సెలవు,
అదీ మేడమ్ మనసు బాగుంటే.
అబ్బాసియాలో నాలుగో అంతస్తు, ఒబేదన్న ఫ్లాట్.
లిఫ్టు దగ్గర గుంపు కట్టొద్దు,
ఇద్దరిద్దరే రండి,
చెప్పులు బయట విడవొద్దు,
అని ముందురోజే మెసేజ్.
నలభై ఏడు జతలు
బాత్‌రూమ్ తొట్టిలో ఒకదాని మీద ఒకటి,
సంతలో పోసిన చేపల్లా.

ఊళ్లో చర్చి లేదని కాదు.
ఉంది. చుట్టూ గోడ, గేటు దగ్గర పోలీసు.
ఒకే ఆవరణలో గంటకో భాష దేవుడితో మాట్లాడి
తరువాతి భాషకి కుర్చీలు వదిలి వెళ్తుంది.
మా తెలుగు వంతు సాయంత్రం ఐదు.
ఐదింటికి నేను ముసలమ్మకి మందు వెయ్యాలి.

అందుకే ఇక్కడ,
కిటికీలకి దుప్పట్లు బిగించి
కంజీరకి తువ్వాలు చుట్టి
చప్పట్లు కలిసీ కలవకుండా.
మా పేటలో అయితే మైకు కట్టి పాడేవాళ్లం,
కాలవ అవతలికి కూడా వినబడేది.
అడిగినవాడు లేడంటే అబద్ధమే.
ఒకసారి అడిగారు, కర్రలు పట్టుకొచ్చి.
అందుకని మా ఊరి గురించి ఎక్కువ గొప్పలు పోను.

బల్ల మీద ద్రాక్షారసం ఉండదు.
రంజాన్‌కి కొట్లలో గుట్టలు పోసిన విమ్టో,
ఒకటి కొంటే ఒకటి ఉచితం,
రూతమ్మ వదిన ఏడాదికి సరిపడా దాస్తుంది.
వాళ్ల ఉపవాసం విడిపించే ఎర్రదనమే
మా చిన్న గిన్నెల్లోనూ.
రొట్టె సందు చివర ఇరానీ పొయ్యిలోది.
కాల్చే గులామ్‌రెజా ఒకటి ఎక్కువే వేస్తాడు,
శుక్రవారాలే ఎందుకు కొంటారో అడగడు.

ఆ వేళ తలుపు తట్టారు.
మూడో చరణం సగంలో తెగింది.
ఒబేదన్న బైబిలు బియ్యం డబ్బాలోకి వెళ్లింది,
ఎవరో టీవీలో క్రికెట్ పెట్టారు,
ఒక పసిపిల్ల మాత్రం ఇంకా పాడుతోంటే
తల్లి నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది.
వచ్చింది వాచ్‌మన్ సిరాజుల్.
మా మొహాలు చూడకుండా గచ్చుకి చెప్పాడు:
"కింద వాళ్లు ఫిర్యాదు చేశారు.
నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు ఓనరు.
నా నౌకరీ, అన్నా."

రెండేళ్లలో ఇది నాలుగో ఇల్లు.
ఎవరూ ఏడవలేదు.
మహబూలాలో ఎవరికి తెలుసు, అద్దె ఎంత,
పక్కింటివాళ్లు ఏ దేశం, గోడలు మందమేనా,
లెక్కలు వేసుకున్నాం.
వదిన సిరాజుల్‌కి రొట్టెముక్క ఇవ్వబోయి ఆగింది.
ఇవ్వడం మర్యాదా? నేరమా?
చూసినవాళ్లు దాన్ని ఏమంటారు?
చివరికి టీ ఇచ్చింది.
రెండు చెంచాల పంచదారతో.

ఇంటికొచ్చి ఉమ్ నాయెఫ్ కాళ్లకి నూనె రాస్తున్నాను.
ఆవిడకి చూపు లేదు.
తెగిన చరణం గొంతులో ముల్లులా ఉంది.
పెదాలు మూసుకుని,
మాటలు మింగి, రాగం ఒక్కటే వదిలి
అక్కడితో ముగించాను.

నాలుగు రోజులయ్యాక
జపమాల పూసలు జరుపుతూ ఆవిడ కూనిరాగం తీస్తోంది.
అదే. మూడో చరణంలో మలుపుతో సహా.
నా చేతిలో ఇస్త్రీపెట్టె
తెల్ల దిష్‌దాషా మీద ఆగిపోయింది.
మేడమ్ ఒకసారి నన్ను చూసింది, ఒకసారి వాళ్లమ్మని.
"ఈ పాట నీకెక్కడిదమ్మా?"

ముసలమ్మ ఇంకో పూస జరిపింది.
"చిన్నప్పటిది" అంది.

మతిమరుపో, తెలిసి అన్న మాటో.
ఎవరి చిన్నప్పటిదో మాత్రం చెప్పలేదు.
కాలిన వాసన వస్తోందని
మేడమే ముందు పసిగట్టింది.