పుట్టుమచ్చలు

గిస్లేన్ కొలినే దాన్ని
గుర్రానికి కప్పే కంబళిలో చుట్టి తెచ్చింది.
"మా నాన్నది. ఎవరు చేశారో చెప్పండి,
అమ్మాలో వద్దో ఆ తర్వాత నేను చెప్తాను."
లియేజ్‌లో పొద్దుటి నించి వాన.
మా వేలంశాల కిటికీ అవతల మ్యూజ్ నది
బొగ్గు పడవల నాటి రంగులోనే ఉంది.

తుపాకి నడుము విరిచాను.
ముసలి డాక్టరు తన పెట్టె మూసినంత చప్పుడు.
పక్కపక్కన రెండు గొట్టాలు,
నా చిటికెనవేలు మొదటి కణుపు దాటలేదు.
ఇరవై ఎనిమిది బోరు.
బరువు రెండు కిలోల మూడొందలు.
పెద్దదాన్ని చెక్కి చిన్నది చెయ్యలేదెవరూ,
కడుపున పడ్డప్పుడే ఇది చిన్నది.

గొట్టాల నడిమి పట్టీ మీద
పేరుండాల్సిన చోట నున్నగా ఉంది.
అరిగింది కాదు, గీకింది కాదు.
ఏ ఊరి దుకాణదారైనా
తన పేరు పొడిపించుకోమని వదిలిన జాగా.
పేరు లేనివాళ్ళని పుట్టుమచ్చలతోనే పట్టుకోవాలి.

గొట్టాలు ఊడదీసి, కిరోసిన్ గుడ్డతో తుడిచి
పొట్ట కింద చదునులో భూతద్దం పెట్టాను.
కోడిగుడ్డంత కోలగా మూడక్షరాలు, మీద కిరీటం:
ఈ ఊరి పరీక్షశాలే.
రాతిస్తంభం బొమ్మ. పరీక్షించిన మనిషి అక్షరం, దాని నెత్తిన చుక్క.
సంవత్సరం చెప్పాల్సిన అక్షరం మీద మాత్రం
ఎవడో తర్వాత అతుకేసిన టంకం మరక.

పిడి పొడవు కొలిచాను, ముప్పైమూడు సెంటీమీటర్లు.
కుర్రాడికో, ఆడమనిషికో.
అక్రోటు కర్ర ఎడమకి ఒదిగి ఉంది,
ఎడమచేతివాటం వాళ్ళ చెంప కోసం.
"నాన్నది కుడిచేతివాటం" అంది గిస్లేన్.
ఆ మాటని ఇద్దరం బల్లమీదే వదిలేశాం.

ఇక నగిషీ.
ఒక పలక మీద కుక్క, ఒక పలక మీద ఉల్లంకి పిట్ట,
చుట్టూ ఊపిరాడనన్ని ఆకులు.
సంతకం లేదు.

వృద్ధాశ్రమం వాళ్ళు తుపాకి తేవద్దన్నారు.
పలకలు రెండూ విప్పి చేతిరుమాల్లో పట్టుకెళ్ళాను
ఒడిల్ రాస్కెన్ దగ్గరికి.
ఎనభై ఆరేళ్ళు. నలభై రెండేళ్ళు ఉలి పట్టిన చెయ్యి.
ఒక్క కన్నే పనిచేస్తుంది, అదీ ఎండ ఉంటేనే.
ఆమె చూడలేదు, గోటితో చదివింది.
ఆకు మీంచి ఆకు మీదికి పాకుతూ పోయింది గోరు.

"మీ పనేనా?" అన్నాను ఆశగా.
"ఛీ, నాదా! నేనింత లోతు దున్నను.
పలకకింత అని కూలి. లోతుకి పైసా ఎక్కువివ్వరు.
నేను పైపైన దువ్వేదాన్ని."
పిట్ట కంటి దగ్గర గోరు ఆగింది.
"కంటికి అందరం ఒక్క చుక్క పొడుస్తాం.
ఇక్కడ రెండున్నాయి. రెండోది తడి.
ఆర్మాండ్.
కిటికీ పక్క బల్ల. మేస్త్రీ తిట్టేవాడు,
ఒక కంటికి రెండు దెబ్బలు దండగని."

"ఇంటిపేరు?"
గోరు చాలాసేపు కదల్లేదు.
"ఆర్మాండ్" అంది మళ్ళీ.
"శుక్రవారాలు ఉప్పుచేప తెచ్చుకునేది.
మధ్యాహ్నానికి దాని ఉలి కూడా అదే వాసన."

ముసలావిడ గోరు సాక్ష్యం కాదన్నాడు మా పెద్దాయన.
నిజమే.
జాబితాలో రాశాను:
తయారీదారు తెలియదు, చెక్కినవారు తెలియదు.
పిట్ట దగ్గర ఒక ముక్క కలిపాను,
కంటిలో రెండు చుక్కలు అని.
అది వర్ణన కిందికి వస్తుంది, ఎవరూ కొట్టెయ్యలేదు.

గిస్లేన్‌కి ఫోనులో అంతా చెప్పాను.
అవతల ఎక్కడో ఆవు అరిచింది, ఆమె మాట్లాడలేదు.
పెట్టేస్తుందేమో అనుకున్నాను.
"ఆ ఆర్మాండ్‌ది
ఏ చేతివాటం?"

అడగలేదు.
అడగాలని తట్టనేలేదు.

రేపు ఆదివారం.
మూడింటికి గానీ లోపలికి పంపరు.
ఎండ ఉంటే బావుణ్ణు.