పన్నెండు ఫిరంగుల అర్జీ

దొర ఉత్తరం దొర భాషలో ముందే పోయింది బందరుకి.
దాని వెనక ఊరి వర్తకుల అర్జీ ఒకటి పోవాలట, తెలుగులో.
"భయం బాగా కనపడాలి రాయసంగారూ"
అన్నాడు దుబాసీ మల్లప,
పులుసులో ఉప్పు తక్కువైందన్నంత తేలిగ్గా.

సరే, రాశాను.
నిజాంపట్నం రేవులో నిరుడు తొమ్మిది ఓడలు,
ఈ ఏడు పదిహేడు.
గుంటూరు నుంచి నూలు బళ్ళు దిగిన రాత్రి
తెల్లవార్లూ ఎద్దుల మెడగంటలే.
గిడ్డంగి చాలక
అద్దకం బట్టలు దొర పడకగదిలోకి వచ్చేశాయి,
దొర వసారాలో పడుకుంటున్నాడు.
ఇంత సరుక్కి కాపలా?
ఇద్దరు ముసలి బంట్రోతులు,
చెమ్మగిల్లిన మందు,
ఒక్కటంటే ఒక్క ఫిరంగి.
అదీ గొంతులో తుప్పు పట్టి
పోయినేడు ఓడకి సలాము కొట్టబోయి
పక్కనున్నవాడి చెయ్యి పట్టుకుపోయింది.

(ఆ చెయ్యి ఓలేటి అంకయ్యది.
ఎవరిదని అర్జీ అడగలేదు, నేను రాయలేదు.)

కొండవీటి దిక్కు నుంచి గుర్రాలు దిగుతాయని రాశాను.
సముద్రం మీంచి ఇంగిలీసులు వస్తారని రాశాను.
ఇంగిలీసు ఓడ కిందటి నెల వచ్చింది కూడా.
మంచినీళ్ళు అడిగింది,
రెండు మేకల్ని బేరమాడి కొనుక్కుని పోయింది.
మేకల సంగతి మల్లప కొట్టేశాడు.

పన్నెండు ఫిరంగులు.
నలభైమంది సోల్దార్లు.
నిలువున్నర ఎత్తు ఇటిక గోడ, మూలకో బురుజు.
గోడ ఎందాకా? రాయాలి కదా, అడిగాను.
మల్లప చెప్పు విడిచి
ఇసకలో బొటనవేలితో గీశాడు.
గిడ్డంగి లోపల.
దొర ఇల్లు లోపల, దొర గుర్రం లోపల.
కోమట్ల కొట్లు సగం లోపల.
అద్దకంవాళ్ళ వీధి దాకా వచ్చి
బొటనవేలు వంకర తిరిగి
వెనక్కి పోయింది.

పేరంటాలు అక్కడే ఉంది.
చిరివేరు ఉడికించీ ఉడికించీ
మోచేతుల దాకా ఎర్రబడ్డ మనిషి.
గీతని చాలాసేపు చూసింది.
"ఆరిన బట్ట లోపలికి పోద్ది, సరే.
నా చేతుల్లో తడిగా ఉన్నన్నాళ్ళూ
దానికి దొంగల భయం లేదా బాబూ?"

మల్లప నవ్వాడు.
నేను ఈకని సిరాలో ముంచాను.
ముంచాల్సిన పని లేదు, సిరా ఇంకా ఉంది.

ఇక చివరి మాట.
కోట ఖర్చుకి మూటకి ఒక పణం చొప్పున
సంతోషంగా ఇచ్చుకుంటామని.
వర్తకులు సంతోషంగానే చేవ్రాలు చేశారు.
ఆ పణం ఎవరి కూలిలోంచి రాలుతుందో
లెక్కలు రాసేవాణ్ణి, నాకు తెలీదా?
తెలిసే, ఇసక చల్లి సిరా ఆరబెట్టాను.

ఏడు నెలలకి జవాబొచ్చింది.
ఫిరంగులు ఇప్పట్లో లేవు.
సోల్దార్లు బటావీలో జ్వరాలతో పోయారు.
ఓపిక పట్టమన్నారు.
ఎరుపు ఇంకాస్త ముదురుగా కావాలన్నారు.
పణం మాత్రం ఒప్పుకున్నారు,
వచ్చే మూట నుంచే.

గోడ కోసం పాతిన కొయ్యలు అట్లాగే ఉన్నాయి.
పేరంటాలు వాటికి తాడు కట్టి
పన్నెండో పదమూడో దుప్పట్లు ఆరేసింది.
పొద్దు వాలే వేళ
ఊరు చుట్టూ ఎర్రగా, గాలికి ఉబ్బుతూ.
దూరాన ఎవరిదో ఒక తెరచాప
కాసేపు నిలబడి చూసి
దక్షిణానికి తిరిగింది.

"ఇది రాయనా బందరుకి?" అన్నాను.
"ఏమని? దుప్పట్లనా?" అన్నాడు మల్లప,
కొత్త పణాలు ఎంచుకుంటూ.

ఒడ్డున ఓలేటి అంకయ్య
వల ముడి ఒక కొస పళ్ళతో పట్టి
రెండో కొస ఉన్న చేత్తో లాగుతున్నాడు.
ముడి పడింది.