నీలం మూత ట్యూబు

జుబైల్. రాత్రి రెండు. ల్యాబు చలికి
స్వెట్టరు వేసుకుని కూర్చున్నాను.
గొట్టంలోంచి గూట్లోకి జారిపడింది
నీలం మూత ట్యూబు.
లేబులు మీద: బోశన్న గుమ్ముల.
అరబ్బీలో ‘ప’ లేదు.
పోశన్న అయి ఉంటాడు.

మాకు మనుషులు తెలీరు, నెత్తురు తెలుస్తుంది.
మిషను సెకన్లు లెక్కపెడుతోంది.
పన్నెండుకి గడ్డకట్టాలి, పోనీ పదిహేను.
నలభై.
డెబ్బై.
నూట ఇరవైకి అదీ చేతులెత్తేసింది.
మళ్లీ పెట్టాను. మళ్లీ అంతే.

ఐసీయూకి ఫోన్ చేస్తే షైనీ చెప్పింది:
పరంజా మీదే కూలబడ్డాడట, పదకొండూ నలభైకి.
ఎండవేళ విరామానికి ఇంకా ఇరవై నిమిషాలుందట.
ఒళ్లు నలభై రెండు. చెమట చుక్క లేదు,
చొక్కా మీద ఉప్పు చారలు.
సూది గుచ్చిన ప్రతిచోటా కారుతోంది, చిగుళ్లలోంచి కూడా.
“నంబరు మళ్లీ చెప్పు” అంది.
చెప్పాను.
ఎక్కం అప్పజెప్పినట్టు తిరిగి అప్పజెప్పింది.

ఎలా చెప్పను దీన్ని?
ఎండకి పాలు విరిగినట్టు
వెంట్రుక కంటే సన్నటి దారుల్లో
నెత్తురు ఎక్కడికక్కడ గడ్డకట్టేసింది,
కిడ్నీలో, ఊపిరితిత్తుల్లో, వేళ్ల చివర,
ఎవరూ అడగని చోటల్లా.
తీరా గాయం మూయాల్సి వచ్చేసరికి
ఒకటో తారీకునే జీతం అయిపోయినవాడిలా
ఒట్టి చేతులు.

పచ్చ మూత ట్యూబులో గుండె సంగతి ఉంది.
ఆ వేడిలో నిమిషానికి నూట అరవైసార్లు కొట్టుకుని
కండ రాలి నెత్తుట్లో కలుస్తోంది.
ముప్పై నాలుగేళ్లు, లేబులు ప్రకారం.
నాకంటే ఏడాది చిన్న.

ప్లాస్మా సంచీలు నాలుగు కరగబెట్టాను.
నీళ్ల తొట్టి ఎప్పుడూ ముప్పై ఏడు మీదే ఉంటుంది.
వేలు ముంచి చూశాను.
ఏమీ అనిపించలేదు.
అంత మామూలు వేడి అది, మనిషిది.

తెల్లారి క్యాంపు బస్సులో ఏడుగురు దిగారు,
నెత్తురిస్తామని, డ్యూటీ బట్టల్లోనే.
“మాది ఎండిన నెత్తురు మేడం, పనికొస్తదా?”
అన్నాడొకతను, నవ్వుతూ.
నీళ్ల బాటిల్ చేతికిచ్చి కూర్చోమన్నాను.
ఒక్క గుక్కలో తాగేశాడు. ఇంకోటి అడగలేదు,
ఖాళీ బాటిల్ వైపే చూస్తున్నాడు.

రెండో రాత్రి ట్యూబు వచ్చింది. అరవై ఒకటి.
మూడో రాత్రి రాలేదు.

రాకపోతే రెండే అర్థాలు మా దగ్గర.
ఫోనెత్తాను.
పెట్టేశాను.
రిజిస్టరులో అతని వరస వెతికి
‘బ’ కొట్టేసి ‘ప’ రాశాను, తెలుగులో.

వెనక గూట్లో ఏదో పడిన చప్పుడు.
పచ్చదో, నీలందో.
తిరిగి చూడాలి.