నాలుగో పాదం

ఖైతాన్‌లో, దర్జీ కొట్టు కింద సెల్లారు.
కుట్టుమిషన్లు గోడవారగా జరిపి
నాకోసం నాలుగు గజాల రంగస్థలం చేశారు.
పగలంతా కువైటీ పిల్లల్ని బళ్లో దింపే చేతుల్ని
మెట్ల మీద ఆనించి
ఖాదర్‌వలీ అడిగాడు:
"ఏ శ్రుతి సార్?"

ఏ శ్రుతి.
ఇరవై రెండేళ్లుగా నన్నెవరూ అడగని మాట.

అరవై సినిమాల్లో అరిచింది నేను కాదు.
కనుబొమ్మ నాది, మీసం నాది,
చావు కూడా ఎక్కువసార్లు నాదే.
గొంతు మాత్రం
చీకటిగదిలో, అద్దం వెనక
నా పెదాల్నే చూస్తూ టీ చల్లార్చుకునే ఒకాయనది.
నిరుడు పోయాడాయన.
పేపర్లో పొరపాటున నా ఫొటో వేశారు.

అంతకుముందు, నిజమే, నాకూ ఒకటుండేది.
నంద్యాల పోటీల్లో మైకు చచ్చిన రాత్రి
చివరి వరస బల్లల దాకా వెళ్లి
ఈలలతో తిరిగొచ్చింది.
నిన్న హోటలు గదిలో తలుపేసుకుని పిలిచి చూశాను.
ఏసీ పలికింది.

"నాలుగు" అన్నాను వలీతో, పంతానికి.
అతను నావైపు చూడకుండా
"మూడుతో మొదలుపెడదాం సార్, మనోళ్లే గదా" అన్నాడు.
జాలి కూడా శ్రుతిలోనే ఉంటుందని
అప్పుడు తెలిసింది.

మొదటి పాదం నడిచింది.
రెండోదాంట్లో యతి దగ్గర తూలాను.
మూడోదాని చివర రాగం తీయబోతే దగ్గొచ్చింది.
దుమ్ముగాలి, అన్నాను.
బయట నిజంగానే దుమ్ము లేచింది,
నా అబద్ధానికి సాక్ష్యం చెప్పడానికి వచ్చినట్టు.
నాలుగో పాదం రాలేదు.

కళ్లు మూసుకుని నిలబడ్డాను,
ఎవరో ఒకరు 'కట్' అంటారని.
ఎవరూ అనలేదు.
అట్టకిరీటం చెవుల మీదికి జారింది.
వలీ తిత్తి ఆపలేదు.
ఒకే స్వరం, అలా, వాకిలి తీసిపెట్టినట్టు.

పై శుక్రవారమే ఆట.
క్యాంపుల నుంచి మూడు బస్సులట,
పోస్టరు మీద నా మొహం చూసి.

మూలన నా ఉత్తరీయానికి చెమ్కీలు కుడుతున్న ఓబులమ్మ,
ఫర్వానియాలో ఎవరింట్లోనో వంట చేస్తుందట, ఇవాళ సెలవు,
తలెత్తకుండా నాలుగో పాదం అనేసింది.
రాగం లేదు. బస్సు నెంబరు చెప్పినట్టు చెప్పింది.
"మా నాయిన ఆడేషం కట్టేటోడు" అంది,
ఏదో తప్పు ఒప్పుకున్నట్టు.

అందులో అన్నీ ఉన్నాయి,
గణాలు, ప్రాస,
ఎప్పుడో ఒకప్పటి నేను.

దారం పంటితో కొరికి
"మల్లా చెప్పేదా?" అంది.
చెప్పమన్నాను.
ఆమె చెబుతుంటే
నా పెదాలు మాత్రం కదిలాయి.